పసుపు గుడ్డ కప్పిన పెట్టెతో దివిసీమకి

మా గుడివాడ నుంచి బందరు దాకా వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కణ్నించి మోపిదేవి వెళ్లి పిల్లలకు చెవులు కుట్టించుకొచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ అవనిగడ్డ, నాగాయలంక దాటి, రోడ్డు అయిపోయి, కృష్ణమ్మ నీళ్లు ఉప్పెక్కే చోటి దాకా వెళ్లిన ఆడవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. నేను వెళ్లొచ్చాను. ధైర్యం ఉండి కాదు. బస్సెక్కిన దగ్గర్నుంచి ఇంటి గడప తొక్కేదాకా భయపడుతూనే ఉన్నాను. క్షేమంగా తిప్పి తెచ్చిన స్వామికి దణ్ణం పెట్టుకుని, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

గుడివాడ

మా ఆయనకి రేడియోలు బాగుచేసే షాపుంది. నేను బడికి వెళ్లలేదు. చదవడం రాయడం మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. రేడియోలో తీగలకి టంకం పెట్టడం పెళ్లయ్యాక మా ఆయన నేర్పారు. ఇద్దరు గురువులూ ఓపికమంతులే కావడం నా అదృష్టం.

కొన్నేళ్ల క్రితం పాలు పొంగిపోకుండా ఆపే మూత ఒకటి మేమిద్దరం కలిసి చేశాం. మా ఆయన మురిసిపోయి దాన్ని ఒక ఎగ్జిబిషన్లో పెట్టారు. మరుసటి ఏడాదికల్లా బెజవాడ స్టీలు సామాన్ల కొట్లలో అదే మూత, అవే చిల్లులు, వేరే పేరుతో వేలాడుతోంది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

తర్వాత ఈ పెట్టె. కోటమ్మ అని దివిసీమ నుంచి ఎండు రొయ్యలు అమ్ముకోవడానికి మా ఊరొస్తుంది. వచ్చినప్పుడల్లా ఆమె ట్రాన్సిస్టరు మా షాపులోనే బాగుచేయించుకుంటుంది. ఒకసారి ఇలా అంది: "రేడియో ఏసి ఉంచితే సెల్స్ అయిపోతాయమ్మా. ఆపితే తుఫాను వార్త తప్పిపోద్ది. మేమేం చెయ్యాల?" నాకు ఆ మాట గుచ్చుకుంది. వార్తల ముందు టైం చెప్పే కూతలు వస్తాయి కదా, ఆ కూత వినగానే రేడియో తనంతట తనే నోరు తెరిచి, వార్తలు అయిపోగానే నోరు మూసుకుంటే? మిగతా సమయమంతా కునుకు తీస్తూ సెల్స్ పొదుపు చేస్తే? రెండేళ్లు పట్టింది. పెట్టె తయారైంది. దానికి మేలుకొలుపు అని పేరు పెట్టుకున్నాం.

ఈసారి మా ఆయన ముందుగానే మద్రాసు వెళ్లి, పేటెంట్ల వ్యవహారం చూసే ప్లీడరు గారిని కలిశారు. ఆయన ఒకటే మాట చెప్పారట. అర్జీ పెట్టేదాకా దీన్ని నలుగురి కంటా పడనివ్వకండి, పడితే పేటెంటు మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు అని. అయితే వివరమంతా ఒకసారి రాసిచ్చాక మార్చడం కష్టమట. సముద్రం పక్కన, ఉప్పుగాలిలో, స్టేషనుకి అంత దూరంలో పెట్టె సరిగ్గా మేలుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. మా ఆయన వెళ్తే బందరు రేడియో షాపుల వాళ్లంతా గుర్తుపట్టి వెంటపడతారు. అందుకని నేనూ, ఆయన అక్క రాజ్యం వదినా బయల్దేరాం. దిగేది కోటమ్మ ఇంట్లో.

పెట్టె మీద పసుపు గుడ్డ కట్టింది వదిన. "మోపిదేవి మొక్కనుకుంటారే అనసూయా. ఇంక ఒక్కడూ అడగడు" అంది. దేవుడి పేరు చెప్పి దాచడం నాకు నచ్చలేదు. గడప దాటే ముందు పటం దగ్గర నిలబడి నిజంగానే మొక్కుకున్నాను. స్వామీ, మా అర్జీ సవ్యంగా పడితే ఈ పెట్టె నీదే. అప్పుడు ఆ పెట్టె పట్టుకోవడానికి చేతులు వచ్చాయి.

బందరు

కార్తీక మాసం. బస్సు నిండా పూల వాసన, తడి జుట్ల వాసన. బందరులో దిగి, ఎలాగూ వచ్చాం కదా అని హల్వా కొనడానికి వెళ్లాం. మా ఊరి కంటే ధర ఎక్కువే, కానీ వేలికి నెయ్యి అంటుకునేలా ఉంది. కొట్టాయన రుచికి ఆకులో పెట్టిన ముక్కే పావుకిలో ఉంటుంది! మా గుడివాడ కొట్లలో రుచి చూస్తామంటే మన మొహం రుచి చూస్తారు.

వదిన రెండో ముక్క నోట్లో పెట్టుకుంటుండగా వెనక నుంచి వినపడింది. "ఏమ్మా రాజ్యం, బాగున్నావా?"

తిరిగి చూస్తే, వదినకి వరసకి బావయ్యే శేషగిరి గారు. బందరులో పెద్ద రేడియో షాపు ఆయనది. ఎగ్జిబిషన్లో మా పాల మూతని తిప్పి తిప్పి చూసినవాళ్లలో ఆయనొకరు. ఆయనే ఎత్తుకెళ్లారని అనను, నాకు తెలియదు. కానీ ఆ చూపు గుర్తుంది.

"తమ్ముడేం చేస్తున్నాడు? పాల మూత తర్వాత మళ్లీ ఏమన్నా కనిపెట్టాడా?"

వదిన నోరు తెరిచింది. నేను ఆవిడ కాలు తొక్కాను.

"అబ్బ! కనిపెట్టకేం బావగారూ, మోకాళ్ల నొప్పులు కనిపెట్టాడు" అంది వదిన.

ఆయన పకపకా నవ్వి, నా చంకలోని మూట వైపు చూశారు. "అదేంటమ్మా?"

"మోపిదేవి వెళ్తున్నామండీ" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది. బస్సు ఎక్కాక కూడా ఆయన చూపు ఆ గుడ్డ మీదే ఉన్నట్టు అనిపించి, కొంగు తీసి పైన ఇంకో పొర కప్పాను.

మోపిదేవి

చల్లపల్లి దాటేసరికి మా బస్సులో అందరికీ తెలిసిపోయింది, ఫలానా సీట్లో మొక్కు పెట్టె ఉందని. ఎవరూ అడగలేదు. అనేసుకున్నారు. ఒకావిడ స్వామికి వెండి పడగ అంది. ఇంకొకావిడ కాదు ఉయ్యాలేమో అంది. వెనక సీట్లోంచి ఒకమ్మాయి లేచొచ్చింది. పెళ్లయి చాలా ఏళ్లయినట్టుంది, పిల్లలు లేనట్టుంది. ఏమీ మాట్లాడకుండా పెట్టె మీద చెయ్యి ఆనించి కళ్లకద్దుకుని వెళ్లి కూర్చుంది. లోపలున్నవి తీగలూ సెల్సూ అని నాకు తెలుసు. స్వామీ, ఆ పిల్ల దణ్ణం నీకే చేర్చు అనుకున్నాను.

సత్రంలో స్నానాలు చేసి గుడికి వెళ్లాం. పెట్టెని ఎక్కడ వదలాలన్నా భయమే. దాన్ని చంకలో పెట్టుకునే వరసలో నిలబడ్డాను. గుండ్లు కొట్టించుకున్న పిల్లలు ఒకళ్ల తల ఒకళ్లు తడుముకుంటున్నారు. ఎవరో పుట్టలో పాలు పోసిన గిన్నె కడుక్కుంటున్నారు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

అప్పుడు నా చంకలో కూత పడింది.

ఒక్క క్షణం అదేమిటో నాకే అర్థం కాలేదు. మరుక్షణం పెట్టె నోరు తెరిచి, గుడిలో, వరస మధ్యలో, గట్టిగా వార్తలు చదవడం మొదలుపెట్టింది.

"గుళ్లో రేడియో ఏంటమ్మా!" అని కసిరారు ముందున్న పెద్దాయన. ఆపాలంటే మీట లోపలుంది, గుడ్డ విప్పాలి. విప్పితే అందరి ముందూ బయటపడుతుంది. గుండెలకేసి అదుముకున్నాను. దాని గొంతు కాస్త మూసుకుపోయింది కానీ మాటలు మాత్రం వినపడుతూనే ఉన్నాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది బలపడే అవకాశం, వేటకు వెళ్లేవారు జాగ్రత్తగా ఉండాలి.

కసురుతున్న పెద్దాయన నోరు మూతపడింది. మాకు కొంచెం వెనగ్గా ఉన్న ఒక కుటుంబం, చూడగానే రేవు మనుషులని తెలుస్తోంది, దర్శనం మానేసి వరసలోంచి బయటికి వచ్చేసింది. "మావాళ్లు లోపలున్నారు" అంటోంది అందులో పెద్దామె. లోపల అంటే సముద్రంలో. చెప్పులు చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

వార్తలు అయిపోయాయి. పెట్టె తనంతట తనే నిద్రపోయింది. పక్కనున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "స్వామి పలికాడే తల్లీ" అని నా పాదాలకి వంగబోయింది. నేను పక్కకి దూకాను.

బయటికొచ్చి వదిన మొహం చూశాను. ప్రయాణంలో సెల్స్ తీసి ఉంచమని మా ఆయన పదిసార్లు చెప్పి పంపారు.

"సంచిలో కొబ్బరికాయల మధ్య దొర్లుతున్నాయని సత్రంలో తీసి అందులో పెట్టేశానే. అది గుళ్లో కూర్చుని వార్తలు చదువుతుందని నేనేమన్నా కలగన్నానా!" అంది.

అంతమందిలో ఎవరికీ అది మామూలు ట్రాన్సిస్టరు కాదని తట్టలేదు. కొందరు సిగ్గులేని ఆడవాళ్లమనుకున్నారు, కొందరు స్వామి అనుకున్నారు. రెండిట్లో ఏదైనా సరే, స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

అవనిగడ్డ దారిలో

పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీద బస్సు వెళ్తుంటే కింద కృష్ణ, పక్కనే ఆ కృష్ణ మీదుగా పారుతున్న కాలవ. నీళ్ల మీద నీళ్లు. మామూలు రోజైతే నోరు తెరుచుకుని చూసేదాన్నే. ఆ రోజు ఆకాశం చూస్తూ కూర్చున్నాను. ఒక మూల ఇత్తడి చెంబుకి చిలుము పట్టినట్టు ఉంది.

అవనిగడ్డలో కాఫీ తాగి నాగాయలంక వెళ్లి, ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అతను మా ఊరి ధర కన్నా తక్కువే అడిగాడు. "వానొస్తే మాత్రం మధ్యలో దింపేస్తానండీ, ముందే చెప్తున్నా" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. మిగతా దూరం బురదలో నడిచాం. పెట్టె నా నెత్తిన, చెప్పులు వదిన చేతిలో.

కోటమ్మ ఇల్లు

ఆ ఊరి పేరు రాయను. ఊరి చివర తుఫాను షెల్టరు, అది దాటితే ఏరు, ఏరు దాటితే సముద్రం చప్పుడు. మా ఊళ్లో కొత్త మనిషి కనిపిస్తే ఏ ఊరు, మీరేమిట్లు, ఎంతమంది పిల్లలు అని అడుగుతారు. ఇక్కడ ఒక్కటే అడిగారు: "అన్నం తిన్నారా?"

మేం చేపలు తినమని కోటమ్మకి తెలుసు. మా కోసం కొత్త సత్తు గిన్నె కొని, చేప తగలని పొయ్యి వేరే వేసి, సొరకాయ పులుసు కాచింది. ఆ పులుసు రుచి కన్నా ఆ గిన్నె మెరుపు నాకు ఎక్కువ గుర్తుంది. అంత మర్యాదకి నేనేం చేశానని?

ఇంట్లో మగవాళ్లు లేరు. కోటమ్మ భర్త తెల్లారుజామునే వేటకి వెళ్లాడు. మర్నాటికి గానీ రాడు. పడవ సముద్రంలో ఉన్నంతసేపూ ఆ ఇంట్లో గుమ్మం ముందు చీపురు పట్టరట. మా ఇంట్లో పొద్దున్నే వాకిలి ఊడవకపోతే లక్ష్మి రాదంటాం. ఇక్కడ ఊడిస్తే మనిషి రాడని భయం. భయం ఒకటే, చీపురే అటూ ఇటూ అయింది.

వాకిట్లో చేట మీద ఆమె ట్రాన్సిస్టరు సెల్స్ ఆరబెట్టి ఉన్నాయి. అయిపోయిన సెల్స్ ఎండలో పెడితే ఇంకొన్నాళ్లు పలుకుతాయని అక్కడ ప్రతి ఇంటా అదే పని. ఎండ లేకపోయినా చేట అక్కడే ఉంది, అలవాటుగా.

ఆ సాయంత్రం లోపలి గదిలో తలుపేసుకుని చూశాను. కూత రాగానే పెట్టె మేలుకుంది. వార్తలు అవగానే పడుకుంది. ఉప్పుగాలిలో, అంత దూరంలో! కళ్లనీళ్లొచ్చాయి. అల్పపీడనం మాత్రం వాయుగుండమైందని చెప్పింది. ఆ సంగతి కోటమ్మకి చెప్పాను, ఎక్కడ విన్నానో చెప్పలేదు.

రేవు

తెల్లారేసరికి గాలి. కరెంటు పోయింది. ఒక్క పడవా తిరిగి రాలేదు. ఇంకో వరస పడవలు మధ్యాహ్నం పోటుకి బయల్దేరాలని వలలు సర్దుకుంటున్నాయి. "నిన్న ఏదో అన్నారంట గానీ ఇయ్యాల సంగతేందో" అంటున్నారు మగవాళ్లు. ఊళ్లో పలికే రేడియో లేదు. సెల్స్ అన్నీ చేటల్లో ఉన్నాయి.

మోపిదేవి వరసలోంచి పరిగెత్తిన ఆ పెద్దామె ఈ ఊరిదే. ఆడవాళ్లని వెంటబెట్టుకుని కోటమ్మ వాకిట్లోకి వచ్చింది. నేను బయట కూర్చుని కూర తరుగుతున్నాను. వదిన నా పక్కనే ఉంది. అప్పుడు లోపలి గదిలో కూత పడింది, గొంతు వినపడింది. వాయుగుండం తుఫానుగా మారింది, వేటకు ఎవరూ వెళ్లరాదు, వెళ్లినవారు వెంటనే తిరిగి రావాలి.

అందరూ గది వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

"లోపలెవురూ లేరుగా. ఎవురేశారు?" అంది పెద్దామె.

నేను తల వంచుకుని కూర తరుగుతూనే ఉన్నాను. కోటమ్మ నా దగ్గరికొచ్చి కూర్చుంది. నెమ్మదిగా అంది: "అమ్మా, అదేదో నీ గుట్టు. నేనడగను. నా మాటొకటి విను. ఉప్పెన నాటికి నేను కొత్త కోడల్ని. మా ఇంట్లో రేడియో ఉంది. సెల్స్ అయిపోతాయని ఆపేసి పెట్టాం. ఆ రాత్రి ఇంట్లో ఉన్నోళ్లలో తాటిచెట్టు పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలా." గుడి వైపు చెయ్యి చూపించింది. "రామాలయంలో మైకుంది. లారీ బ్యాటరీ మీద పలుకుద్ది. నీ పెట్టె దాని ముందు పెడితే రేవు దాకా ఇనపడుద్ది. వెళ్లేటోళ్లు ఆగుతారు."

పాల మూత గుర్తొచ్చింది. అన్నం తినని మా ఆయన మొహం గుర్తొచ్చింది. రెండేళ్ల కష్టాన్ని ఊరందరి ముందూ పెట్టడమే అవుతుంది. చాలాసేపు ఆలోచించానని చెప్పుకోను. తాటిచెట్టు మాట విన్నాక ఆలోచించడానికేం మిగల్లేదు. వదినే ముందు లేచింది. "పద అనసూయా, తమ్ముడితో నేను చెప్తాలే" అంది.

గుడ్డ మొత్తం విప్పలేదు. గొంతు వచ్చే వైపు మాత్రం కోటమ్మ కొంచెం పక్కకి జరిపి, పెట్టె నెత్తిన పసుపు రాసి, పువ్వు పెట్టింది. వార్తలొచ్చిన ప్రతిసారీ అది తనంతట తనే లేచి, మైకులోంచి రేవంతా మోగింది. వలలు సర్దుకున్నవాళ్లు మళ్లీ దించారు. సముద్రంలో ఉన్నవాళ్లు సాయంత్రం చీకటి పడకముందే ఒక్కొక్కరే వచ్చారు. కోటమ్మ భర్త ఆఖర్న వచ్చాడు. "మాకు రేడియో ఎందుకు, నీళ్ల రంగే చెప్పింది" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి కోటమ్మ లోపలికెళ్లి చీపురు తీసింది.

తుఫాను మా మీదికి రాలేదు. ఎటో తిరిగిపోయింది. గాలి కొన్ని పాకల కప్పులు మాత్రం లేపింది.

నేను కోటమ్మకి అప్పుడు నిజం చెప్పాను. కొన్నాళ్లు ఎవరికీ తెలియకూడదని చెప్పాను. ఆమె ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇన్నారుగా. ఎవురన్నా అడిగితే స్వామి పెట్టె పలికిందని చెప్పండి" అంది.

"అబద్ధం వద్దు కోటమ్మా" అన్నాను.

"అబద్ధమేందమ్మా? మొదట పలికింది స్వామి గుళ్లోనే గందా?"

మళ్లీ బందరు

మర్నాడు ఎండ కాసింది. ఆటో దొరికిందని కోటమ్మ తనే పెట్టె కట్టి చేతికిచ్చి, హడావుడిగా ఎక్కించింది. బందరు బస్టాండులో గుడివాడ బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. సెల్స్ తీశానా? తీయలేదు. చూద్దామంటే గుడ్డ విప్పాలి. పక్క సీట్లోకి శేషగిరి గారు వచ్చి కూర్చున్నారు.

"మొక్కు తీరిందా అమ్మా? విన్నారా, దివిసీమలో స్వామి పెట్టె మాట్లాడిందట! తుఫాను కబురు చెప్పిందట. పొద్దున్నుంచి మా షాపుకొచ్చిన చేపలవాళ్లందరిదీ ఇదే మాట. ఈ జనం ఇంతే!" అని నవ్వారు. నవ్వు సగంలో ఆగింది. నా ఒళ్లోని పెట్టె చూశారు. పసుపు, వాడిన పువ్వు. "ఇది... ఇదేనా?"

వదిన కిటికీ వైపు తిరిగింది. నేను కొంగుతో పెట్టె కప్పబోయాను.

అప్పుడు టీ కొట్టులోని రేడియోలో కూతలు మొదలయ్యాయి. ఇప్పుడు లేస్తుంది. ఈయన చేతికి జానెడు దూరంలో నోరు తెరుస్తుంది. రేడియోలన్నీ ఎరిగిన మనిషి, ఒక్క క్షణంలో పోల్చుకుంటాడు. స్వామీ.

టీ కొట్టు రేడియో వార్తలు చదువుతోంది. నా ఒళ్లో చప్పుడు లేదు.

శేషగిరి గారు అటూ ఇటూ చూసి, కాళ్లు చెప్పుల్లోంచి తీసి, పెట్టె మీద చెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నారు. "ఏమో, ఎవరికి తెలుసు" అని గొణిగి, లేచి వేరే సీటుకి వెళ్లిపోయారు.

ఇల్లు

ఇంటికెళ్లి గుడ్డ విప్పితే సెల్స్ ఉండాల్సిన చోటు ఖాళీ. మా ఆయనకి జరిగిందంతా చెప్పాను. పెట్టె మైకు ముందు పెట్టామన్నప్పుడు దాన్ని ఒళ్లోకి తీసుకుని ఉప్పు మరకలు తుడిచారు. తర్వాత, "పడవలన్నీ వచ్చాయా?" అన్నారు. వచ్చాయన్నాను. "అన్నం పెట్టు" అన్నారు. ఆ రాత్రికే మద్రాసు బండెక్కి, జరిగింది జరిగినట్టు ప్లీడరు గారికి చెప్పి, అర్జీ పెట్టి వచ్చారు. పేటెంటు వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆ భయం ఉంది. ఉండనీ.

తర్వాతి సారి ఎండు రొయ్యలతో వచ్చినప్పుడు కోటమ్మ కాగితం పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. అందులో సెల్స్.

"ఆ పొద్దున మంచి ఎండొచ్చింది గందా, మావాటితో పాటు మీవీ తీసి చేట్లో పెట్టానమ్మా. తిరిగి ఎయ్యడం మర్సిపోయా. దారంతా మూగదై పోయుంటది, తిట్టుకున్నావా?"

ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆమెకేమీ అర్థం కాలేదు.

మొన్న ఆ సెల్సే వేసి, పెట్టెని మోపిదేవి తీసుకెళ్లి మొక్కు తీర్చుకున్నాం. మా ఆయన కూడా వచ్చారు. ఈసారి దాని మీద గుడ్డ కప్పలేదు.